మోటారుకు జులాబు

"విన్నోళ్లు ఇననోళ్లకు చెప్పుండ్రి! సర్కారు మోటారుకు జులాబు పెడుతున్నరు! ఇంటికో సీస గాస్‌నూనె డాక్ బంగ్లకు తెచ్చియ్యాలె! తేనోళ్లకు జుర్మానా!"

ఈ డప్పు మోగిన రోజే మొయినాబాదు ఆధునిక యుగంలోకి అడుగుపెట్టింది. సెలవులకని పట్నం స్కూలు నుంచి మామయ్య ఇంటికి వచ్చి ఉన్నాను కాబట్టి, మోటార్లంటే నాకు ప్రాణం కాబట్టి, కళ్లారా చూసిందంతా చేతి వేగం కొద్దీ రాసేస్తున్నాను.

విషయం ఏమిటంటే, చేవెళ్ల తహసీల్దారు రామేశ్వర్‌రావుగారు మొయినాబాదులో క్యాంపు వేశారు. ఆయన పైఅధికారి సుబేదారుగారు తనిఖీకి రాబోతున్నారు. తహసీల్దారుగారి మోటారుకు ఇంజన్ ఆయిల్ మార్చాలి. సామాన్య అధికారైతే పాత నూనె వదిలేసి కొత్త నూనె పోసి చేతులు కడుక్కునేవాడు. ఈయన సామాన్యుడా! "లోపల మురికి అట్లనే ఉండంగ కొత్త నూనె పోసుడా? ముందుగాల ఇంజన్ ఫ్లష్!" అన్నారు. అంటే కిరసనాయిలు పోసి, కాసేపు ఇంజన్ తిప్పి, మురికితో సహా బయటికి వదలడం. జపాన్‌వాడితో యుద్ధం నడుస్తోంది, కిరసనాయిలు చుక్కచుక్కకూ కంట్రోలు. అందుకే ప్రజల సహకారం కోరారు, జుర్మానాతో సహా.

బంగళా ముందు సభ పెట్టారు. రైతు కుర్మయ్య లేచి నిలబడ్డాడు.

"దొరా, ఫ్లషంటె ఏంది?"

డ్రైవర్ నర్సింహులు అందుకున్నాడు. "జులాబే! ఆముదం తాగి కడుపు కడుక్కుంటవు గద. గట్లనే."

సభ మొత్తానికీ ఒక్క దెబ్బకు అర్థమైపోయింది. గంటలకొద్దీ చెప్పినా అర్థం చేయించలేని మా సైన్సు మాస్టారు గుర్తొచ్చి నాకు జాలేసింది.

"గని మోటారు ముసల్ది గద దొరా," అన్నాడు కుర్మయ్య. "ముసలి పాణానికి జులాబు పెడితె ఉన్నది గూడ పోతదేమో? కొత్త నూనె పోసి ఊకుంటె కాదా?"

"మీ తాత మోటారు నడిపిండా?" అన్నారు తహసీల్దారుగారు.

"లేదు దొరా. ఆముదం తాగి పోయిండు."

"మరి మోటారు సంగతి నీకెందుకు? కూసో!"

కుర్మయ్య కూచున్నాడు. ఎంత శాస్త్రీయమైన చర్చ!

పక్కూరు ఎంకపల్లి నుంచి జంగమ్మ వచ్చింది, కొంగు కింద ఒక సీసా దాచుకుని. "నా కోడలు మైసమ్మకు నెలలు నిండినయి దొరా. కాన్పుకు దీపం ఉండాలెనని దాసిన. ఇదొక్కటి ఇడ్సిపెట్టుండ్రి, మీ కాల్మొక్త."

తహసీల్దారుగారి కళ్లు చెమర్చాయి. "అవ్వా, గా పిల్ల కోసమే గద ఇదంత! జులాబైన మోటారుల పట్నం దవాఖానకు పంపిస్త. పువ్వులెక్క పోతది."

"జబానేనా దొరా?"

"సర్కారు జబాన్!" అని మాటిచ్చారు.

జంగమ్మ సీసా ఇచ్చేసింది. దాని మెడకు ఎర్రదారం ఉంది. "ఖాళీ అయినంక నా సీస నాకియ్యుండ్రి" అంది. ప్రజల్లో ఇంకా ఎంత స్వార్థం!

జులాబు నలుగురిలో చేసే పని కాదు కదా, షెడ్డు తలుపులు మూసి కార్యక్రమం జరిపారు. లోపల ఇంజన్ గురగురలాడింది. నర్సింహులు నుదురు తుడుచుకుంటూ బయటికొచ్చి "మస్తుగైంది!" అని ప్రకటించాడు. జనం చప్పట్లు.

నాకు ఆత్రం ఆగక షెడ్డులో దూరి నూనె కొలిచే కడ్డీ పైకి తీశాను. ఎంత గొప్ప పని! కిరసనాయిలు వాసన కూడా మిగల్లేదు. నూనె మాత్రం తారులా నల్లగా, జిడ్డుగా, ఎప్పటిలాగే ఉంది.

"ఇదేంటి నర్సింహులన్నా?"

"గదే కడిగే తరీఖ చిన్నసారూ. మురికికే తెల్వకుంట కడిగినం."

మర్నాడు పొద్దున్నే సుబేదారుగారు రానే వచ్చారు. ఆ సాయంత్రమే మైసమ్మకు నొప్పులు మొదలయ్యాయి. జంగమ్మ కోడల్ని ఎడ్లబండిలో వేయించుకుని బంగళాకు వచ్చింది. విందు మధ్యలో తహసీల్దారుగారు స్వయంగా మెట్లు దిగారు!

"అవ్వా, మోటారు పత్తెంల ఉన్నది."

జంగమ్మ నోరు తెరిచింది. విందు చూడ్డానికి మూగిన జనం మాత్రం తలలూపారు. "అవు మల్ల," అన్నాడు కుర్మయ్య. "జులాబైనంక మూడు దినాలు చారు బువ్వే. గట్టి పని చెయ్యొద్దు. దొర నాయమే చెప్పిండు."

"మరి పొద్దుగాల సుబేదారును గండిపేట చెరువు సూపిచ్చుకొస్తిరి గద!" అంది జంగమ్మ.

"పత్తెంల ఉన్నోళ్లు జర చల్లగాలికి తిరగొద్దా?" అన్నారు తహసీల్దారుగారు.

బండిలో మైసమ్మ కేక పెట్టింది. ఇక బండి కదిలించే వీల్లేక ఆడవాళ్లు ఆమెను షెడ్డులోకి మోసుకుపోయి మోటారు వెనక సీటు మీద పడుకోబెట్టారు. కిరసనాయిలు లేక ఊళ్లో దీపం అన్నది లేదు. అయినా దేవుడి దయ చూడండి! సుబేదారుగారి విందుకని బంగళా వసారా పొడుగునా గ్యాసుబత్తులు వరసగా బుస్సుమంటూ వెలుగుతున్నాయి. ఆ వెలుతురు షెడ్డులోకి పట్టపగల్లా పడింది. బండిలో వెంట వచ్చిన మంత్రసాని సూదిలో దారం కూడా ఎక్కించగలిగేది.

పిల్లవాడు ఏడ్చాడు. తహసీల్దారుగారు సుబేదారుగారిని వెంటబెట్టుకొచ్చారు.

"చూసిన్రా హుజూర్! ఫ్లష్ చేసిన ఇంజన్ తాకత్! పట్నం పోవుడే అక్కర్లేకపాయె. కదలకుంటనే కాన్పు చేసింది!"

సుబేదారుగారు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

జంగమ్మ మనవణ్ణి కోడలి పక్కన పడుకోబెట్టి, చేతులు కడుక్కుని, నేరుగా వసారా దగ్గరికి నడిచింది. గ్యాసుబత్తుల కింద గోడవారగా ఖాళీ సీసాలు గుట్టపడి ఉన్నాయి. వంగి వెతికి, ఎర్రదారం ఉన్నదాన్ని పైకి తీసింది. మూతి కిందికి చేసి అరచేతిలో తట్టింది.

"జులాబు మంచిగనే అయింది దొరా," అంది. "సుక్క మిగల్లె."