వీధులూడ్చే బండికి జై

న్యూయార్క్‌లో సర్వమత సామరస్యాన్ని కాపాడుతున్నది రాజ్యాంగం అనుకుంటున్నారా? పొరపాటు. వీధులూడ్చే బండి!

మంగళ, శుక్రవారాల్లో పొద్దున్నే ఆ బండి క్వీన్స్‌లోని మా వీధికి, మా వైపు వరుసకు వస్తుంది. అది వచ్చేలోపు కార్లన్నీ తీసేయాలి. తీసి ఎక్కడ పెట్టాలి? నగరం చెప్పదు. పౌరుల తెలివితేటల మీద దానికి అంత గౌరవం! మేము అవతలి వరుస కార్లకు అడ్డంగా ఆపి, లోపలే కూర్చుంటాం. బండి వెళ్లగానే ఎవరి చోటికి వాళ్లం వచ్చేస్తాం.

దీన్ని పీడ అనేవాళ్లున్నారు. బడిలో పాఠాలు చెప్పేదాన్ని, ఆలోచించే చెబుతున్నాను. ఇది వరం.

ఎందుకంటే పండుగనాడు ఊడ్పు ఉండదు. ఏ మతం పండుగైనా సరే! అందుకే పై అంతస్తు ఫిలోమినా, ఈక్వడోర్ నుంచి వచ్చిన భక్తురాలు, మేరీమాతకు కొవ్వొత్తి వెలిగించి రంజాన్ నెలవంక కోసం కిటికీలోంచి తొంగిచూస్తుంది. టాక్సీ నడిపే టెన్జిన్ బౌద్ధుడు. యూదుల పండుగలు యూదులకంటే ముందు అతనికే తెలుస్తాయి. ఏ బడిలో నేర్పగలం ఈ చదువు?

"టీచరమ్మా, వచ్చే మంగళవారం ఎవరి దేవుడిది?"

"ఎవరిదీ కాదు, టెన్జిన్."

"ఇంతమంది దేవుళ్లున్నారు, ఒక్కడికీ మంగళవారం తీరిక లేదా!"

మా ఇంట్లో ఈ కొలువు నా భర్త డెస్మండ్‌ది. వెనక కారుకు జానెడు దూరంలో, ఒక్క తిప్పులో పెట్టేవాడు. దిగి, రోడ్డు దాటి నిలబడి, కాసేపు చూసుకునేవాడు. అక్టోబరు చివర ఒక ఆదివారం అలాగే పెట్టాడు. సోమవారం ఆయన గుండె ఆగింది.

అప్పుడు చూడండి ఈ నగరం మర్యాద! మంగళవారం దీపావళి. శుక్రవారం సకల పునీతుల పండుగ. పై మంగళవారం ఎన్నికలు. హిందువులు, క్యాథలిక్కులు, ఓటర్లు వరసగా వచ్చి, ఆయన పెట్టిన కారును పెట్టినచోటే ఉంచారు. ఏ చుట్టం చేస్తాడండీ ఇంత సాయం?

తరువాతి శుక్రవారం ఏ దేవుడిదీ కాదు.

వెళ్లి కారులో కూర్చున్నాను. తాళం తిప్పలేదు. వెనక బండి మోత దగ్గరపడింది. టెన్జిన్ అద్దం తట్టాడు.

"నేను తియ్యనా, టీచరమ్మా?"

"వద్దు."

"సరే, తొందరేం లేదు," అన్నాడు. బండివాడు హారన్ మోగిస్తున్నాడు. తొందర చాలానే ఉంది.

అంతలో ఫిలోమినా చీపురుతో దిగింది. నా కారు చుట్టూ గబగబా ఊడ్చేసి బండికి అడ్డం నిలబడింది.

"ఏంటయ్యా ఆ కూత? ఇక్కడ నేను ఊడ్చేశాగా! పక్కనుంచి పో!"

"మామ్మా, ఇది నా ఉద్యోగం!"

"నీ ఉద్యోగమే కదా చేసిపెట్టా! దణ్ణం పెట్టి వెళ్లు!"

బండివాడి తప్పేముంది? నేనే తాళం తిప్పాను. కారు కదిలింది.

బండి వెళ్లిపోయాక తిరిగొచ్చేసరికి, ఖాళీ చోటు మధ్యలో ఫిలోమినా చీపురు పట్టుకుని నిలబడి ఉంది. ఎదురుగా ఒక వ్యాను.

"ఈ చోటు నీదా?" అంటున్నాడు వ్యానువాడు.

"డెస్మండ్‌ది," అంది ఫిలోమినా.

వ్యాను వెళ్లిపోయింది. నేను ముందుకూ వెనక్కూ నాలుగైదు తిప్పులు తిప్పి పెట్టాను. టెన్జిన్ వంగి చూశాడు.

"రెండు జానలు వదిలారు. డెస్మండ్ అన్న అయితేనా..." ఆగిపోయాడు. "బాగానే ఉందిలెండి, టీచరమ్మా."

వంకరగా ఉంది.

కాబట్టి నగరపాలకులకు నా మనవి. ఈ నిబంధనను కలకాలం ఉంచండి. ఇది లేకపోతే ఈ వీధిలో ఎవరికెవరు? ఒక్క చిన్న సవరణ మాత్రం చేయండి. మీ సెలవుల పట్టికలో ఇంకొక్క రోజు చేర్చండి. దానికి దేవుడి పేరు అక్కరలేదు. ఏటేటా కూడా అక్కరలేదు. ఇంటికి ఒక్కసారి చాలు. తేదీ ఆ ఇంటివాళ్లు చెబుతారు.

చెప్పగలిగినప్పుడు.