ఎపిసోడుకి ఎనిమిది జూములు

"ఇకమీదట మన టీవీ నాటకాల్లో కెమెరా దూరంగా నిలబడి తమాషా చూడదు!" అని గృహనిర్మాణ, ప్రసార శాఖల మంత్రి స్టూడియోలో ప్రకటించగానే చప్పట్లు మోగాయి. చప్పట్లు కొట్టమని సైగ చేయాల్సిన ఉద్యోగి అప్పటికే కొడుతున్నాడు.

రెండు శాఖలూ ఒక్కరి చేతిలోనే ఎందుకని గిట్టనివాళ్లు అడుగుతుంటారు. ఇళ్లు కట్టేది ఒకరూ, కట్టామని చెప్పేది మరొకరూ అయితే మాటకీ మాటకీ పొంతన కుదరడం లేదు. ఒకే మనిషైతే ఆ తంటా ఉండదు. పైగా మంత్రిగారిది పెద్ద చెయ్యి.

ఈ జూమ్ సంగతి మంత్రిగారికి ఇంట్లోనే తట్టింది. ముందురోజు సాయంత్రం అత్తగారి పక్కన కూర్చుని ఏదో సీరియల్ చూస్తుంటే, అందులో కోడలి మొహం మీదికి కెమెరా ఒక్క ఉదుటున దూసుకెళ్లింది. అల్లుడు మంత్రి అయిన రోజున కూడా చలించని ఆవిడ కళ్లు తుడుచుకున్నారు. కోడలికి ఏమైందని మంత్రిగారు అడిగితే, "ఏమో బాబూ, దగ్గరికొచ్చిందిగా" అన్నారు. పరిపాలన గురించి అంతకన్నా లోతైన మాట ఆయన పదిహేనేళ్ల రాజకీయ జీవితంలో వినలేదు.

"ప్రభుత్వం ప్రజలకి ఇంత దగ్గరైంది. కెమెరాకేం రోగం?" అన్నారు మంత్రిగారు స్టూడియోలో.

కెమెరా వెనక నిలబడినతనికి ఆ మాట తనని అన్నట్టే అనిపించింది. అతన్ని స్టూడియోలో అందరూ స్టాండు అంటారు. ఇరవై ఆరేళ్లలో అతను జూమ్ మీట నొక్కింది వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మాట్లాడటమూ అంతే. దర్శకుడు అతని భుజం మీద చెయ్యివేసి ముందుకి తోశాడు. "సార్, మా స్టాండుకి చిన్న సందేహం ఉందట." దర్శకుడికి ఏ సందేహమొచ్చినా అది స్టాండుదే అవుతుంది.

"చెప్పవయ్యా" అన్నారు మంత్రిగారు.

"సందేహం కాదు సార్. మాకు నేర్పిన రూలొకటుంది. మనిషికి దగ్గరవ్వాలంటే కెమెరాని మోసుకుని మనమే వెళ్లాలి. జూమ్ చేస్తే మనం ఉన్నచోటే ఉంటాం, మొహం మాత్రం పెద్దదవుతుంది. కుర్చీలోంచి లేవకుండా పరామర్శ చేసినట్టని మా గురువుగారు అనేవారు."

మంత్రిగారి కళ్లు మెరిశాయి. "లేవకుండానే పరామర్శ అయిపోతుందా?"

"అంటే సార్..."

"అవుతుందా, అవదా?"

"అయినట్టు కనిపిస్తుంది సార్."

"రాసుకో" అన్నారు మంత్రిగారు కార్యదర్శితో. తర్వాత స్టాండు వైపు తిరిగారు. "ఇంతకీ ఆ రూలు పెట్టినవాళ్లకి ఎన్ని ఓట్లొచ్చాయి?"

ఇన్నేళ్ల చలనచిత్ర చరిత్రలో ఈ ప్రశ్న ఎవరూ వేయలేదు.

వారం తిరక్కుండా పద్నాలుగు పేజీల సర్క్యులర్ వచ్చింది. దాని పేరు 'చిత్రీకరణ నియమాల ఉల్లంఘన నియమావళి'. ఎపిసోడుకి ఎనిమిది జూములు తప్పనిసరి. జూమ్ చేయకుండా వదిలేసిన షాటుకి కారణం మూడు ప్రతుల్లో రాసివ్వాలి. దుఃఖానికి గడ్డం నుంచి నుదుటి దాకా, సంతోషానికి పళ్లు కనిపించేలా, ప్రభుత్వం పట్ల కృతజ్ఞతకి కంట్లో తడి కనిపించేదాకా వెళ్లాలి. కెమెరాని తోసుకెళ్లే ట్రాలీ పట్టాలు ఇక దేనికని వాటిని పాత ఇనుములో వేసేశారు. ఇవన్నీ సవ్యంగా ఉల్లంఘిస్తున్నారో లేదో చూడటానికి తూనికలు కొలతల శాఖ నుంచి ఒక అధికారిని బదిలీ చేశారు. యూనిట్లో అతనికి మొదటిరోజే తక్కెడ అని పేరు పడింది. మడత కుర్చీ, టేపు, లెక్కల పుస్తకం పట్టుకుని కెమెరా పక్కనే కూర్చునేవాడు. నిజాయితీపరుడు. ముక్కు దాకా వెళ్లి ఆగిపోయిన జూమ్‌ని అరగానే రాసుకునేవాడు.

సీరియల్ పేరు 'మన గడప'. ఇల్లులేని ఒక తల్లికి ప్రభుత్వం ఇల్లివ్వడం కథ. వందో ఎపిసోడులో ఇస్తుంది. సహజంగా ఉండాలని మంత్రిగారు షూటింగుని మూడు వందల ఇళ్ల కొత్త కాలనీలోనే పెట్టించారు.

ఆ కాలనీ పేరు స్టాండుకి బాగా తెలిసిందే. అందులో నూట పదిహేడో నంబరు వాళ్ల అక్కది. మంజూరు కాగితం వచ్చి నాలుగేళ్లయింది. అక్కా బావా నాలుగో అంతస్తులో ఒంటిగదిలో ఉంటారు. బావకి మోకాళ్లు పోయాయి. యాభై రెండు మెట్లు దిగలేక పద్నాలుగు నెలలుగా నేల మీద కాలు పెట్టలేదు. ఆ నూట పదిహేడు నేల మట్టంలో ఉంటుంది. వాళ్లకి కావలసింది అంతే.

మొదటిరోజు స్టాండు కెమెరాని దూరంగా పెట్టి అద్దంలోంచి చూశాడు. ఒక గోడ. గోడకి నీలం రంగు తలుపు, పక్కన కిటికీ. గోడ పడిపోకుండా వెనక మూడు దుంగలు ఆనించి ఉన్నాయి. ఇక అటూ ఇటూ కనుచూపు మేర గడ్డి, గడ్డిలో నంబర్లు రాసిన గుంజలు, గుంజల మధ్య మేకలు.

"ఆ మేకల్ని తోలించండయ్యా" అన్నాడు దర్శకుడు.

"మేకలు సరే సార్. ఇళ్లేవీ?"

"ఇళ్లు దశలవారీగా వస్తాయి. మొదటి దశ తలుపు. నువ్వు జూమ్ చెయ్యి."

స్టాండు మీట నొక్కాడు. గడ్డి పోయింది. గుంజలు పోయాయి. మేకలు, దుంగలు పోయాయి. తెరనిండా నీలం తలుపు నిలబడింది. ఆ తలుపు వెనక ఇల్లు లేదంటే పసిపిల్లాడు కూడా నమ్మడు.

అప్పుడు అతనికి సిగ్గు కలగాలి. కలిగింది కూడా. కానీ దాని అడుగున ఇంకేదో ఉంది. ఒంట్లో బరువు దిగిన హాయి. ఇరవై ఆరేళ్లు మొత్తాన్ని చూడాలని తన్నుకున్నవాడికి, చూడక్కర్లేదని ఎవరో పై అధికారి సంతకం పెట్టి ఇచ్చినట్టయింది. మనసు ససేమిరా అన్న పనిని చెయ్యి ముందు నేర్చుకుంటుంది. తర్వాత మనసే చేతి వెనకాల చెప్పులు మోసుకుంటూ నడుస్తుంది. నెల తిరిగేసరికి అతని బొటనవేలు దర్శకుడు చెప్పకముందే కదులుతోంది. ఇంట్లో అద్దం ముందు నిలబడితే ఒక కన్ను మాత్రమే కనిపించేది.

ఆదివారం అక్కావాళ్లింటికి వెళ్తే బావ మంచం మీంచే కేకేశాడు. "రావోయ్ బామ్మర్దీ! మన తలుపు భలే చూపిస్తున్నావ్. నీలం రంగు నాకంత ఇష్టం లేదనుకో. పోన్లే, పెట్టిన చేతికి వంకలు పెట్టకూడదు."

"అందరివీ నీలమేనా తమ్ముడూ?" అంది అక్క.

"అన్నీ నీలమే అక్కా."

"మనది వరసలో ఎక్కడొస్తుంది?"

అతని కళ్ల ముందు నూట పదిహేడో గుంజ మెదిలింది. దానికి ఒక మేక వీపు గోక్కుంటోంది. "చివర్నుంచి రెండోది" అన్నాడు.

"కిటికీ ఎటుంది?" అన్నాడు బావ.

"తూర్పు వైపు బావా."

ఇంత తేలిగ్గా అబద్ధం ఎలా వస్తోందా అని అతనికే ఆశ్చర్యమేసింది. అబద్ధమాడుతున్నప్పుడు బావ మోకాళ్ల వైపు చూడలేదు. మొహం ఒక్కటే చూశాడు. గడ్డం నుంచి నుదుటి దాకా.

"మీ బావ మెట్లు దిగడం నేర్చుకుంటున్నాడ్రా" అంది అక్క, గుమ్మం దాకా వచ్చి గొంతు తగ్గించి. "రోజూ ఓ నాలుగు. నిన్న పంతొమ్మిదో మెట్టు దాకా వెళ్లి, ఎక్కలేక అక్కడే కూర్చున్నాడు. పక్కింటివాళ్లు మోసుకొచ్చారు. ఏం మనిషివయ్యా అంటే, వందో ఎపిసోడుకి తాళం ఇస్తారటగా, అప్పటికి కిందికి రావద్దా అంటాడు."

ఆ వారమంతా స్టాండు సర్క్యులర్‌ని మూడుసార్లు చదివాడు. పద్నాలుగు పేజీల్లోనూ జూమ్ అనే ఉంది. ముందుకా వెనక్కా అన్నది ఎక్కడా లేదు.

వందో ఎపిసోడు ప్రత్యక్ష ప్రసారం. మంత్రిగారు మంత్రి పాత్రలో స్వయంగా నటించడానికి ఒప్పుకున్నారు. ఆ పాత్రకి ఆయనకంటే తగినవాళ్లు దొరకలేదని దర్శకుడు పత్రికలకి చెప్పాడు. ఉదయం పది గంటలకి నీలం తలుపు ముందు తల్లి పాత్రధారిణి గ్లిజరిన్ పెట్టుకుని నిలబడింది. మంత్రిగారు జేబులోంచి తాళంచెవి తీసి పైకెత్తి మాట్లాడటం మొదలుపెట్టారు. స్టాండు వరసగా జూమ్ చేస్తూ పోయాడు. తల్లి కన్ను. తాళంచెవి. మంత్రిగారి పెదవి. మళ్లీ తాళంచెవి.

"ఏడు" అన్నాడు తక్కెడ.

ఒక్కసారి జనం ఈ పొలాన్ని మొత్తంగా చూస్తే చాలు, ఎవరో ఒకరు అడుగుతారనుకున్నాడు స్టాండు. అడిగితే కట్టక తప్పదు. కడితే బావ దిగుతాడు. అతని బొటనవేలు మీటని అలవాటు లేని వైపుకి నొక్కింది.

మంత్రిగారి మొహం మెల్లగా చిన్నదయింది. తలుపంతయింది, గోడంతయింది. గోడ చివర, దుంగలు, గడ్డి, గుంజలు ఒక్కొక్కటే తెరమీదికి వచ్చాయి. తోలిన మేకలు మళ్లీ వచ్చి ఉన్నాయి.

"ఎనిమిది" అన్నాడు తక్కెడ తృప్తిగా.

"ఇది జూమా?" అన్నాడు దర్శకుడు.

"ఎందుక్కాదండీ? మొహం సైజు మారిందిగా. తగ్గిందని రాద్దామంటే పుస్తకంలో ఆ గడి లేదు."

దర్శకుడు చెవిలో పెట్టుకున్న ఫోను గుయ్యిమంది. విని, చెమట తుడుచుకున్నాడు. "ఫోన్ల మీద ఫోన్లటయ్యా! మా టీవీ పాడైంది, మంత్రిగారు దూరమైపోతున్నారు అని. రిపేరు షాపుల ముందు జనం మూగారట."

"ఇళ్ల గురించి?" అన్నాడు స్టాండు.

"ఏ ఇళ్లు?"

స్టాండు అద్దంలోంచి కన్ను తీయలేదు. తీసి ఉంటే మిగతావాళ్లకంటే ముందు అది చూసేవాడు కాదు. తెర ఎడమ అంచున, గుంజల మధ్యనుంచి ఇద్దరు వస్తున్నారు. ఒక చేత్తో కర్రా, రెండో చేత్తో అక్క భుజమూ పట్టుకుని బావ. అక్క చేతిలో గుడ్డ సంచి. బావ ప్రతి గుంజ దగ్గరా ఆగి, వంగి, నంబరు చదువుతున్నాడు. నూట పదిహేను. నూట పదహారు. తర్వాతిదాని దగ్గర చాలాసేపు ఆగాడు. మేక పక్కకి తప్పుకుంది. అతను తలెత్తి నాలుగు దిక్కులా చూశాడు. ఆ తర్వాత నీలం తలుపు వైపు నడిచాడు.

మంత్రిగారు సామాన్యుడు కాదు. ముసలివాడు కనపడగానే తల్లి పాత్రధారిణిని మోచేత్తో పక్కకి జరిపి, ఎదురెళ్లి, అతని రెండు చేతులూ పట్టుకున్నారు. "పెద్దాయనా! మీకోసమే చూస్తున్నాను." తాళంచెవి బావ అరచేతిలో పెట్టారు.

"జూమ్! జూమ్!" అని దర్శకుడు పళ్ల మధ్యనుంచి అరిచాడు. స్టాండు చెయ్యకూడదనుకున్నాడు. బొటనవేలు అప్పటికే మీట మీదికి వెళ్లిపోయింది. తెర నిండా బావ మొహం. కళ్లు పొడిగా ఉన్నాయి.

"తొమ్మిది!" అన్నాడు తక్కెడ. రికార్డు.

"నిలబడి అలిసిపోయాను బాబూ, వస్తాను" అన్నాడు బావ. తాళం తిప్పాడు. తలుపు తీసుకుని లోపలికి వెళ్లాడు. అక్క ఒకసారి కెమెరా వైపు, దాని వెనకున్న తమ్ముడి వైపు చూసింది. గడప ముందు చెప్పులు విడిచి, పక్కపక్కన సర్ది, తనూ వెళ్లింది. తలుపు మూసుకుంది. లోపల గడియ పడిన చప్పుడు.

స్క్రిప్టు ప్రకారం లబ్ధిదారులు వెంటనే బయటికి వచ్చి ఏడవాలి. నిమిషమైంది. రెండైంది. మంత్రిగారు చెదరని చిరునవ్వుతో తలుపు వైపు చూస్తున్నారు. కార్యదర్శి మంత్రిగారి వైపు చూస్తున్నాడు. గోడ పక్కనుంచి నాలుగడుగులు వేస్తే ఇద్దరూ కనిపిస్తారు. ఆ నాలుగడుగులూ ఎవరూ వేయలేదు.

మంత్రిగారు ముందుకొచ్చి, గౌరవంగా, మెల్లగా తలుపు తట్టారు.

"ఎవరూ?" అన్నాడు బావ లోపల్నుంచి.

మంత్రిగారు గొంతు సవరించుకుని పేరు చెప్పారు. జవాబు రాకపోతే రెండు శాఖలూ చెప్పారు.

"ఇప్పుడు కుదరదు బాబూ" అంది లోపలి గొంతు. "రేపు రండి."