ఎర్ర స్టిక్కర్ల కేసులో భూతద్దం మామయ్య

“ఈ లోకంలో నేరాలు రెండే రకాలక్కా! నేను ఛేదించినవి, నా దాకా రాక బతికిపోయినవి!”

నోట్లో బ్రష్షు పెట్టుకునే ఈ ప్రకటన చేశాడు భూతద్దం మామయ్య. ఉద్యోగం కళ్లజోళ్ల షాపులో అద్దాలు తుడవడం. షాపువాళ్లు పారేసిన భూతద్దం జేబులో పడి ఆ పేరు తెచ్చిపెట్టినప్పటినుంచి, అపరాధ పరిశోధన తనకి పుట్టుకతోనే అబ్బిందని గట్టి నమ్మకం. ఇప్పటిదాకా ఆయన ఏ దొంగనీ పట్టలేదు గానీ, ఆయన్ని మాత్రం జలుబు మూడుసార్లు పట్టింది.

అక్కకి నవ్వే ఓపిక లేదు. ఆమె పార్సిల్ ఆఫీసులో సూపర్‌వైజరు. ఊరందరికీ సెలవులొస్తే, ఊరంతా పంపుకునే కానుకలన్నీ ఆమె నెత్తినే పడతాయి. బావ డ్యూటీ మీద వేరే ఊళ్లో ఉన్నాడు. పిల్లల్ని పడవ ఎక్కిస్తానని మూడు వారాలుగా “రేపు, రేపు” అంటూనే ఉంది. ఇవాళేమో ‘అర్జెంట్’ అని రాసున్న ఎర్ర స్టిక్కర్ల చుట్ట మాయమైంది.

“రాత్రి ఫ్రిజ్ మీదే పెట్టానురా! అది లేకుండా వెళ్తే మా మేనేజరు నన్ను కాల్చుకు తింటాడు.”

“పిల్లలేరీ?”

“ఇంకా లేచినట్టు లేరు. పోనీలే, సెలవులు కదా.”

“అయితే వాళ్లు నిర్దోషులు!”

కాలికి అడ్డమొచ్చిన పిల్లల స్టూలుని విసుగ్గా అవతలికి తన్ని, భూతద్దం ఫ్రిజ్ ముందు చతికిలబడ్డాడు. తలుపు మీద, మోకాలి ఎత్తున, ఎర్రటి వేలిముద్రలు!

“రక్తం!” వేలితో తీసి నాలిక్కి రాసుకున్నాడు. “తియ్యగా ఉంది. పాపం, బాధితుడికి షుగరు జబ్బు.”

“జామురా, నీ మొహం!”

“హంతకులు అలాగే భ్రమపెడతారక్కా. ముద్రలు ఇంత కిందున్నాయంటే దొంగ మోకాళ్ల మీద నడిచేవాడు. నిన్న ఈ ఇంట్లో మోకాళ్ల మీద నడిచిందెవరు?”

అక్క ఆలోచించింది. “వాషింగ్ మిషన్ మెకానిక్కు. అడుగు భాగం విప్పాడుగా.”

“దొరికాడు!”

అని నోరు మూయకముందే బెల్లు మోగింది. గుమ్మంలో ఆ మెకానిక్కే.

“అమ్మా, నిన్న స్క్రూడ్రైవరు మర్చిపోయి...”

“నేరస్థుడు నేరస్థలానికి తిరిగొస్తాడు!” అని గావుకేక పెట్టి ఒక్క గెంతు గెంతాడు భూతద్దం. ఇందాక తను తన్నిన స్టూలే కాలికి తగిలింది. మెకానిక్కు చటుక్కున పక్కకి తప్పుకున్నాడు. భూతద్దం బోర్లాపడి, తలుపు వెనకున్న అట్టపెట్టెని గుద్దుకున్నాడు. పెట్టె పక్కకి ఒరిగి “అమ్మా!” అంది.

మూత తెరుచుకుంది. లోపల ఏడేళ్ల పాప, నాలుగేళ్ల బుజ్జిగాడు. నుదుట ఎర్ర స్టిక్కరు, బుగ్గల మీద స్టిక్కర్లు, బుజ్జిగాడి బొజ్జ మీద ఏకంగా ఐదు. పెట్టె మీద వంకర అక్షరాలతో ‘అమ్మ ఆఫీసు’ అని అడ్రసు రాసుంది.

“ఏంటే ఇది?” అంది అక్క.

పాప బెదురుగా చూసింది. “ఎర్ర స్టిక్కరుంటే ఒక్కరోజు కూడా ఆపకూడదని నువ్వే చెప్పావుగా అమ్మా. మేం మూడు వారాల్నుంచి ఆగున్నాం.”

అక్కకి సిగ్గేసింది, ఏడుపొచ్చింది. కళ్లు తుడుచుకుని ఫోను తీసింది.

“సార్, ఇవాళ నేను రాను. మా ఇంట్లో రెండు అర్జెంటు పార్సిళ్లు మూడు వారాలుగా ఆగిపోయాయి. నేనే స్వయంగా చేర్చాలి.” అవతల మేనేజరు అరుస్తుండగానే పెట్టేసింది. “పదండి, పడవ ఎక్కుదాం!”

పిల్లలు ఇల్లు ఎగిరిపోయేలా గంతులేశారు.

“చూశావా! కేసు ఛేదించేశా!” మోకాలు రుద్దుకుంటూ లేచాడు భూతద్దం. “నేనూ వస్తా.”

బుజ్జిగాడు జాలిపడి, తన బొజ్జ మీది స్టిక్కరొకటి పీకి మామయ్యకి అంటించబోయాడు. పాప వాడి చెయ్యి పట్టుకు ఆపింది.

“వద్దురా. మామయ్య అర్జెంటు కాదు.”