జ్యోతిరాణి టీచరు కామెంటు సాధించిన వృత్తాంతము

స్వస్తి! కందికాయలెండి గలగలలాడు పుష్యమాసమున, శుక్రవారమున, ప్రార్థన ముగిసి ధూళి యింకను అణగని శుభవేళ, తాండూరు నుండి బషీరాబాదునకు పోవు దారిలో, తెలుగును కన్నడమును ఒకే ఆటోలో ఇరుక్కొని ప్రయాణించు సీమయందు, ఒక సర్కారు హైస్కూలు కంప్యూటరు గదిలో జరిగిన మహాసంగ్రామమును చెప్పెదను, చెవియొగ్గి వినుడు. ఆ గదిలో కంప్యూటర్లు అయిదు. ఊపిరున్నది ఒక్కటే.

ఆ యొక్కదాని చెంత నిలిచినది జ్యోతిరాణి టీచరు. షేర్ ఆటో వెనుకసీటు సింహాసనాధీశ్వరి, సుద్దముక్కాయుధధారిణి, ముప్పదిరెండు మంది అల్లరిని ఒక్క కనుచూపుతో అణచు ప్రచండపరాక్రమ! తమ రాతలను టీచరొక్కతెయే గాక నలుగురు చదివినచో పిల్లలకు రాయుటయందు రుచి పుట్టునని తలచి, ఆ వీరనారి ఎనిమిదో తరగతికొక బ్లాగు తెరిచెను. లోకమునకు ఆ సంగతి తెలియలేదు.

అందు మొదటి రాత కృపారాణిది. ఇంట కన్నడము, బడిలో మౌనము. నోరు తెరిచినచో యాసకు నవ్వుదురని మూడేండ్లుగా తరగతిలో పెదవి విప్పని పిల్ల. టీచరు వారము దినములు బతిమాలగా, తన తండ్రి చేయు నాపబండల పనిని గురించి, "మా నాయిన నీళ్లతోని బండ కోస్తడు" అని మొదలుపెట్టి నాలుగు వాక్యములు రాసి, ఆమె చెవిలో మెల్లగా ఒక భీషణప్రతిజ్ఞ చేసెను.

"శుక్రారం దాక సూస్త మేడం. ఎవరన్న సదివి ఒక్క మాటన్న అంటె సరే. అనకుంటె మల్ల నన్ను రాయమనొద్దు."

సోమవారము మొదలు గురువారము దాక కామెంట్ల పెట్టె కడిగి బోర్లించిన టిఫిను డబ్బావలె నుండెను. దొంగపేరుతో తానే ఒక మెచ్చుకోలు రాసిపడవేయుదమా యని టీచరు చేయి రెండుమార్లు కీబోర్డు మీదికి పోయెను. "ఛీ" యని రెండుమార్లు వెనుకకు తీసికొనెను. అందులకే ఆమెయన్న నాకు గౌరవము.

గడువు దినము రానే వచ్చెను. రెండు పీరియడ్లు కలిపి పట్టి, కృపారాణి తప్ప తక్కిన సేననంతటిని కంప్యూటరు ముందు వరుసగా నిలిపి, టీచరు మేఘగంభీరస్వరమున నిట్లు పలికెను.

"ఓ అష్టమతరగతి వీరులారా! మీ తోటిదాని అక్షరములు నాలుగు దినములుగా ఒంటరిగా నిలుచున్నవి! వానికి బదులు పలుకక ఊరకుండుట మీ పౌరుషమునకు తగునా?"

"మేడం, అంటె ఏం జెయ్యాలె?" అని నవీన్‌కుమార్ అడిగెను.

"కృపారాణి రాసింది సదువుండ్రి. కింద ఒక కామెంటు పెట్టుండ్రి. గంతే."

అంత నవీన్‌కుమార్ సింహవిక్రమమున ముందునకు దూకి టైపు చేసెను: "ప్రెజెంట్ మేడం." టీచరు ముందుకు ఒక్కొక్కరుగా పోయినప్పుడు అనవలసిన మాట వారికి తెలిసినది అదియొక్కటే. వెనుకవాడు ముందువానిని చూచెను. వాని వెనుకది వానిని చూచెను. ముప్పది మంది హాజరైరి, ఒక్కరును చదువలేదు. రొద విని లోనికి వచ్చిన హెడ్మాస్టరు జనార్దన్ సారు సంగతి తెలిసికొని, సాయము చేయు ఉత్సాహమున తానును కీబోర్డునందుకొని "చూడడమైనది. ఫైలు చేయవలెను" అని రాసి సంతుష్టాంతరంగుడై వెడలెను. చివరి బెంచీ మీద కృపారాణి తల వంచుకొనెను. టీచరునకు ఏడుపొచ్చినంత పనియాయెను.

వరుస చివర మిగిలినవాడు సుశాంత్, యాబదెకరాల ఆసామి మనుమడు. కూడబలుక్కొని చదువువాడు గనుక నాలుగు వాక్యములకు నాలుగు నిమిషములు పట్టించి, పిదప నిట్లు కొట్టెను: "తప్పు. నీళ్లతోని బండ తెగుతదా?"

తరగతి గొల్లుమనెను. ఇక ఈ పిల్ల ఎన్నటికిని నోరెత్తదని టీచరు తలచెను. అప్పుడు చివరి బెంచీ కిర్రుమనెను. కృపారాణి లేచి, ఎర్రబడిన కన్నులతో నడిచివచ్చి, సుశాంతు కుర్చీ పక్కన నిలిచి, మూడేండ్ల మౌనమును ఒక్కమాటతో భగ్నమొనర్చెను.

"జరుగు."

సుశాంత్ జరిగెను. ఆమె కూర్చుండి ఒంటివ్రేలితో, ఒక్కొక్క అక్షరమును బాణమువలె సంధించి విడువసాగెను. "నీళ్లతోని అంటె నీళ్లే కోస్తయని కాదు. కోసేది బ్లేడు. నీళ్లు పొయ్యకుంటె బ్లేడు కాలిపోతది, దుమ్ము లేస్తది, మా నాయినకు దగ్గొస్తది. కొయ్యకముందు నాయిన బండను సుత్తెతోని కొట్టి సప్పుడు ఇంటడు. మంచిదైతె ఖంగుమంటది. నువ్వు ఎన్నడన్న ఇన్నవా?" అట్లు పదకొండు వాక్యములు! భుజము మీదుగా చదువుచున్న సుశాంత్, "గట్లనా? మరి పగుళ్ల బండనైతె ఏం జేస్తరు?" అని నిజముగానే అడిగెను.

"ఆగు, రాస్తున్న."

ఇంతలో గంట మ్రోగెను. లెక్కల సారు బాలస్వామి వాకిట నిలిచి దగ్గెను. కృపారాణి తలయెత్తలేదు.

"సార్, జర ఆగుండ్రి. ఇంక అయిపోలే."

జయము జయము! ఆ దినమున తాండూరులో తోరణములు కట్టలేదు, వికారాబాదులో భేరీలు మ్రోగలేదు. కాని ఎనిమిదో తరగతి లెక్కల పీరియడు తొమ్మిది నిమిషములు ఆలస్యమాయెను, సారుతో పాటు జ్యోతిరాణి టీచరు వాకిటనే నిలిచి కన్నులు తుడుచుకొనెను.