అమావాస్య మర్నాటి సర్వర్ సంగ్రామము

స్వస్తిశ్రీ గోదావరీ మంజీరా మధ్యదేశంబున, హరిద్రాధూళిధూసరితంబగు నిజామాబాదు పట్టణంబున, బోధను రోడ్డు పక్కనున్న పసుపు కొనుగోలు డిపోయందు, అమావాస్య వెళ్లిన మర్నాటి ఉదయంబున జరిగిన ఘోరసంగ్రామంబు చెప్పెద, చెవులు రిక్కించి వినుడు.

ఆ డిపోకు లెక్కలమ్మ వినీత. తూకంబులు దాచి క్షణంబున చీటీ లిచ్చుటకే పుట్టిన సర్వరను డేటాబేస్ పెట్టె యొకటి ఆమె యేలుబడిలో నుండెను. నిరుటి రాకపోకల సగటు కట్టి, పట్టికలు పేర్చి, ఈ సీజనుకు సగము పెట్టె కూడ నిండదని మేనేజరు అనిల్‌కుమార్ ఎదుట భీష్మప్రతిజ్ఞ చేసి, రెండో పెట్టె వద్దని సంతకము పెట్టిన గణకసింహి ఆమె. పాపము, సగటుకు అమావాస్య యేమి తెలియును? ఆ దినము పసుపు గడప దాటించని వేల్పూరు, ఏర్గట్ల, నందిపేట రైతులు మర్నాడు ట్రాక్టర్లతో ఒక్కుమ్మడిగా దండెత్తిరి.

పెట్టె నిండెను, స్తంభించెను. తెరపై చక్రము తిరుగుటే గాని చీటీ రాదయ్యె. రైతులు, గుమాస్తాలు చీటీకై ఫోన్లలో మీట నొక్కిరి; రాకున్నకొద్దీ మరింత నొక్కిరి; నొక్కిన ప్రతి నొక్కును కొత్త బరువై పెట్టె నెత్తిన పడెను. ఈ నొక్కుడు ఏ పట్టికలోనూ లేదు.

వేల్పూరు భూమన్న ట్రాక్టరు దిగకయే పలికె: "బిడ్డా, పొద్దు నెత్తిమీదికి రాకముందే చీటీ ఇయ్యకుంటె గీ బండ్లన్ని సాంగ్లి మార్కెట్ బాట వడుతయ్. మల్ల మమ్ముల అనొద్దు."

అనిల్‌కుమార్ రెండో పెట్టె వద్దన్న కాగితము తీసి ఆ సంతకమువంక చూచెను. వినీతకు కొలువు పోవునన్న భయముకన్న లెక్క తప్పితినన్న సిగ్గే ఎక్కువ మండెను. పెట్టెను పెంచుట తన వశము గాదు, వేళ్లనైన ఆపవలదా! వెంటనే చాయ్‌బండి గంగమణిని రప్పించి, అందరి కుడిచేత పొగలుగక్కు చాయ్, ఎడమచేత ఉస్మానియా బిస్కెట్టు పెట్టించి, పసుపు బస్తానెక్కి నిలిచి ఇట్లు పలికెను:

"అన్నా, బాపూ, చాయ్ తాగెటంతసేపు ఎవ్వరు ఫోన్ ముట్టకుండ్రి. తప్పు నాదే. అమావాస్యను లెక్కల వట్టలే."

రెండు చేతులును నిండిన వీరులు నొక్కుట యెట్లు? ఊదుకొనుచు, ముంచుకొనుచు నిలిచిరి. పెట్టె దమ్ము తీసికొనెను. చక్రమాగెను. ప్రింటరు కిర్రుమని మూలిగి, భూమన్న పేర ఒకే యొక్క చీటీని ప్రసవించెను. భూమన్న దానిని తిప్పి తిప్పి చూచి, ట్రాక్టరు ఇంజను బందు చేసెను.

ఇట్లు వినీతాదేవి యంత్రభారమును నూరుపాళ్ల నుండి తొంబదితొమ్మిది పాళ్లకు దించి దిగ్విజయంబు గాంచెను. అంతలో గ్లాసులు ఖాళీ యగుటయు, చేతులు ఫోన్లకై కదలుటయు చూచి, ఆ విజేత మెల్లగా అనెను:

"గంగమణక్కా, ఇంకో రౌండు చాయ్ పొయ్యి."