రెండు అగ్గిపుల్లల వైరు

లోకంలో కరెంటు ప్రమాదాలకు తడి, పిడుగు, తెగిన తీగ కారణాలని చదువుకున్నవాళ్లు రాస్తారు. అసలు కారణం బామ్మర్ది. ఎల్లారెడ్డి దగ్గరి ఊళ్లో ఉండే పర్శరాములుకు ఈ విషయంలో ఎలాంటి సందేహమూ లేదు. ఆయన బామ్మర్ది పేరు శైలేందర్. బర్రెను చంపింది అతడే. (కాలు పెట్టింది బర్రేనన్నది నిజమే. కానీ అది కాలు పెట్టే చోట వైరు పరిచిందెవరు?)

దుకాణంలో మూడు వందల యాభై పెట్టి ఎక్స్‌టెన్షన్ బాక్సు కొందామని పర్శరాములు అంటే శైలేందర్ అడ్డం పడ్డాడు.

"ఇంట్ల ఇంత సామాను వెట్టుకొని కొంటరా బావా? ఊరు నవ్వుతది."

పాత తలుపు చెక్కకు రెండు సాకెట్లు బిగించాడు. పాత మైకుసెట్టు వైరును అయిదు చోట్ల అతికి, టేపుకు బదులు యూరియా సంచి ముక్కలు చుట్టాడు. ప్లగ్గు దండుగన్నాడు. వైరు కొసలు రెండూ గోడ సాకెట్ బొక్కల్లో దూర్చి, ఊడిరాకుండా రెండు అగ్గిపుల్లలు గుచ్చాడు. "నేను సచ్చినా గీ వైరు ఉంటది బావా" అన్నాడు.

బర్రెకు ఈగలు ముసరకుండా కొట్టంలో ఫ్యాను తిరిగింది. నాలుగోనాడు పొద్దున, పేడనీళ్లలో మునిగిన మూడో అతుకు మీద బర్రె కాలు పెట్టింది. పూటకు అయిదు లీటర్లిచ్చే బర్రె.

"నా తమ్ముని వైరుకు పేరు వెట్టకు. సూడు, ఫ్యాను ఇంక తిరుగుతనే ఉన్నది" అంది భార్య సుభద్రమ్మ, కొంగుతో కండ్లు తుడుచుకుంటూ.

కామారెడ్డిలో గృహనిర్మిత విద్యుత్ తీగల పరిశీలన విభాగమని ఒకటుంది. ఇంట్లో చేసిన వైరు వల్లనే చచ్చిందని రుజువైతే బర్రె ఖరీదు మొత్తం ఇస్తారు. రుజువు కాకపోతే ఇంట్లో పాలక్యాను బోర్లించుకోవడమే. సాక్ష్యం వెంట తేవాలన్నది అక్కడి నిబంధన. పర్శరాములు వైరును సంచిలో కుక్కుకుని బస్సెక్కాడు.

ఆ విభాగం గుమ్మం మీద 'చెప్పులు బయట విడువవలెను' అని ఉంది. లోపల గోడ మీద 'ఇంటి వైరు యమపాశం' అని ఉంది. అధికారి మార్కండేయ సారు (పేరు బలమేమో, ప్రమాదాలన్నీ ఎదుటివాళ్లకే) పన్నెండు పేజీల ఫారం తీశారు.

"ప్లగ్గుకు పిన్నులెన్ని?"

"పిన్నులు లేవు సార్. అగ్గిపుల్లలు."

"ఎన్ని?"

"రెండు."

'రెండు' అని రాసుకున్నారు.

"మృతురాలు వైరు వాడే ముందు జాగ్రత్తలు చదివిందా?"

"బర్రె సార్ అది."

"చదివిందా, లేదా?"

"నేనే ఆరో తరగతిల బడి ఇడిచిన. అదేం సదువుతది సార్?"

'లేదు' అని రాసుకున్నారు.

ఇక కంప్యూటర్‌లో ఎక్కించాలి. కంప్యూటరుకు కరెంటు లేదు. ఆఫీసు ఎక్స్‌టెన్షన్ బాక్సు కిందటి వారం కాలిపోయింది. కొత్త బాక్సుకు అర్జీ కంప్యూటర్‌లోనే పెట్టాలి. బాక్సు వస్తే తప్ప కంప్యూటరు నడవదు. వారం నుంచి విభాగం ఈ సమస్యను లోతుగా పరిశీలిస్తోంది. సారు చూపు సంచి మీద పడింది.

"అది మంచిగనే పనిచేస్తదా?"

"బర్రెను జంపింది సార్."

"కరెంటు వస్తదా అని అడుగుతున్న."

"వస్తది."

"మరి పెట్టు."

ఆఫీసు సామాను జాబితాలో అగ్గిపుల్లలు లేవు. పర్శరాములే చాయ్ హోటలుకు పోయి అగ్గిపెట్టె కొనుక్కొచ్చి, కొసలు దూర్చి, పుల్లలు గుచ్చాడు. కంప్యూటరు వెలిగింది. పనిలో పనిగా కూలరూ పెట్టమన్నారు. కూలరు కారుతోంది. నీళ్లు నేల మీద మెల్లగా అతుకుల వైపు నడిచాయి. చెప్పులు బయట ఉన్నాయి. పర్శరాములు బల్ల మీద గొంతుకూర్చున్నాడు.

"కాళ్లు దించు. ఆఫీసనుకున్నవా, అరుగనుకున్నవా?"

"సార్, నీళ్లొస్తున్నయ్. మూడో అతుకు..."

"నీళ్లు వేరే విభాగం."

కాళ్లు దించలేదు. ఆ ఒక్కనాడే ఆయన సర్కారు మాట కాదన్నాడు. నీళ్లు అతుకుకు జానెడు దూరం దాకా వచ్చి, కూలరు తొట్టి ఖాళీ కావడంతో ఆగాయి. రెండు గంటల తర్వాత నివేదిక తయారైంది.

'అర్జీదారు సమర్పించిన తీగను మా సమక్షంలో రెండు గంటలు పరీక్షించగా, ఒక కంప్యూటరును, ఒక కూలరును నిరాటంకంగా నడిపినది. తీగలో లోపమేదీ కానరాలేదు. కావున మృతురాలిది సహజ మరణం. అర్జీ తిరస్కరించడమైనది.'

"మరి నా వైరు సార్?"

"సాక్ష్యం ఆఫీసులోనే ఉంటది" అన్నారు సారు, తొట్టిలో నీళ్లు పోయమని అటెండరును కేకేస్తూ.

ఇంటికొచ్చి నివేదిక చూపిస్తే శైలేందర్ రెండుసార్లు చదివించుకున్నాడు. "సూసినవా బావా! సర్కారే పాస్ జేసింది. ఇంకోటి జేసియ్యనా?"

పర్శరాములు నష్టం లెక్క కట్టుకున్నాడు. బస్సు కిరాయి కలపలేదు, కామారెడ్డికి రమ్మని ఎవరూ పిలవలేదు గనుక. బర్రె డెబ్బై ఎనిమిది వేలు, అగ్గిపెట్టె రెండు. మొత్తం డెబ్బై ఎనిమిది వేల రెండు రూపాయలు.