పన్నెండు వందల వాట్ల బరువు

మా తోడల్లుడు మంచివాడు. ఆ ముక్క ముందే చెప్పేస్తున్నాను, తర్వాత మీరు నన్ను కుళ్లుబోతు అనుకోకుండా.

కట్టబోయే భవనాలను ముందే తెర మీద కట్టి, గదిగదీ తిప్పి చూపించే బొమ్మలు చేయడం మా ఆవిడ పని. పాత కంప్యూటర్ ఒక్క మెట్ల వరస చూపించడానికి అరపూట ఆయాసపడేది. సోమవారానికి ఒక పెద్ద ఆసుపత్రి బొమ్మ అప్పజెప్పాలి. అది నచ్చితే ఏడాదంతా పని ఆవిడకే ఇస్తానన్నాడు ఇంజినీరు. అందుకని విడిభాగాలు తెచ్చి కొత్త కంప్యూటర్ తనే బిగించుకుంటానంది.

అంతవరకూ బాగానే ఉంది. కానీ సలహాలు చెప్పేది మాత్రం తన చెల్లెలి మొగుడు. రోజూ సాయంత్రం ఆరింటికి ఫోన్ చేస్తాడు. ఎత్తితే వాట్లు, దించితే వాట్లు. నేను మనసులో వాట్ల వాచస్పతి అని పేరు పెట్టుకున్నాను. వాడు మాట్లాడినంతసేపూ పక్కగదిలో పేపరు పట్టుకుని కూర్చునేవాణ్ణి. ఒకే పేజీ మూడు రోజులు చదివాను.

"నిజమే మరిదిగారూ" అంటూ నవ్వేది మా ఆవిడ.

పెళ్లయి పదహారేళ్లయింది. నేను చెప్పింది నిజమేనని నవ్వకుండా కూడా ఎప్పుడూ అనలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఇంకేం తేవాలి?" అన్నాను, ఫోన్ పెట్టగానే.

"పవర్ సప్లై ఒక్కటే."

"అది నేను తెస్తాను."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "అదేంటో తెలుసా?"

"కరెంటు ఇచ్చేది."

"అన్నిటికీ సరిపడా, నిలకడగా ఇచ్చేది. గ్రాఫిక్స్ కార్డు మూడు వందల వాట్లు లాగుతుంది, ప్రాసెసర్ నూట యాభై, మిగతావన్నీ కలిపి వంద. పని ముదిరితే ఒక్కసారిగా ఇంకా లాగుతాయి. అందుకని వెసులుబాటు ఉండాలి. డబ్బా మీద అంకె చూస్తే చాలదు, నమ్మకమైన కంపెనీ అయ్యుండాలి."

"మీ మరిది ఇంట్లో ఉన్నది ఎంత?"

"ఏడు వందల యాభై. దానికీ దీనికీ ఏంటి సంబంధం?"

చాలా ఉంది. ఆవిడకి చెప్పలేదంతే.

నేను పార్సిల్ ఆఫీసులో తూకం గుమాస్తాని. పద్దెనిమిదేళ్లుగా మూటలు తూస్తున్నాను. ఏదైనా చేత్తో ఎత్తానంటే తూకం చెప్పేస్తాను. "మంచి పవర్ సప్లై బరువుగా ఉంటుంది సార్" అని కొట్టువాడు అనగానే, ఈ వస్తువుని నా కోసమే కనిపెట్టారనిపించింది. కొట్లో ఉన్నవన్నీ ఎత్తి చూశాను. ఒకటి మాత్రం భుజం దాకా లాగింది. మీద ఎర్రగా పన్నెండు వందల వాట్లని ఉంది. ఆ కంపెనీ పేరు ఎప్పుడూ వినలేదు. వినకపోవడం నా తప్పేననుకున్నాను.

ఏడు వందల యాభై ముందు పన్నెండు వందలు. బస్సులో నాలో నేను నవ్వుకుంటుంటే పక్కనున్నాయన లేచి వేరే సీట్లోకి వెళ్లిపోయాడు.

ఇంటికి రాగానే వంటింటి త్రాసు మీద పెట్టాను. రెండు కిలోల మూడు వందల గ్రాములు.

"చూశావా?" అన్నాను.

"చూశాను" అంది.

ఆవిడ ఎదురు చెప్పలేదంటేనే నాకు అనుమానం రావాల్సింది.

"ఆదివారం బిగిద్దాం. మీ చెల్లెల్నీ మరిదినీ భోజనానికి పిలువు. చూసి చాలా రోజులైంది."

"మొన్న మంగళవారమే చూశాం."

అయినా పిలిచింది. ఆదివారం వాళ్లు రాగానే పవర్ సప్లై తెచ్చి తోడల్లుడి చేతిలో పెట్టాను.

"బాగా బరువుందన్నయ్యగారూ" అన్నాడు.

"పన్నెండు వందలు. నీది ఏడు వందల యాభై కదూ? చిన్న సంసారానికి చాల్లే."

మా ఆవిడ బల్ల కింద కూర్చుని స్క్రూలు బిగించి మీట నొక్కింది. ఫ్యాన్ తిరిగింది. నేను కంప్యూటర్ వైపు చూడనే లేదు, తోడల్లుడి ముఖమే చూస్తున్నాను. "ఆసుపత్రి బొమ్మ పెట్టు" అన్నాను. పెట్టింది. తెర మీద బొమ్మ గేటు దాటింది, వరండా దాటింది, మెట్లెక్కబోతూ ఠప్‌మంది. తెర నల్లబడింది. గదంతా మాడు వాసన.

 కొత్త కార్డు, కొత్త ప్రాసెసర్, రేపటి బొమ్మ, ఏడాది పని, అన్నీ నా కడుపుమంటకి మాడిపోయాయి.

"నన్ను క్షమించు. వాడి మీద కుళ్లుతో చేశాను" అనేశాను, అందరి ముందూ.

"నా మీదా?" అన్నాడు తోడల్లుడు.

మా ఆవిడ తాపీగా ప్లగ్ పీకింది. "ఇది పాత కంప్యూటరండీ. దుమ్ము తుడిచి పెట్టాను. రెండూ నల్లగానే ఉంటాయి, మీకు తేడా తెలియదు."

పడకగది తలుపు తీసింది. లోపల, పాతదేననుకుని రెండు రాత్రులు నేను పక్కనే పడుకున్న కొత్త కంప్యూటర్ చప్పుడు లేకుండా పనిచేసుకుంటోంది. ఆసుపత్రి ఐదో అంతస్తు దాటింది.

"శుక్రవారమే వేరేది తెచ్చి బిగించుకున్నాను."

"మరి దీన్ని ఎందుకు పెట్టావు?"

"వద్దంటే మీరు వింటారా? మీతో వాదించడం కంటే పాత కంప్యూటర్ పోవడమే నయం."

భోజనాలయ్యాక, మమ్మల్ని ముట్టుకోనివ్వకుండా, ఆ కాలినదాన్ని తనే విప్పింది. లోపల నాలుగు తీగలు, ఓ చిన్న సర్క్యూట్ బోర్డు, బరువు కోసం అడుగున అంటించిన సిమెంటు దిమ్మ.

"తూకం సరిగ్గానే చూశారు. ఆఫీసులోనూ అంతేగా, మూట తూస్తారు కానీ విప్పి చూడరు."

నేను తల వంచుకున్నాను. కానీ అడగకుండా ఉండలేకపోయాను. "కొత్తది వీడు చెప్పినదేనా?"

"లేదు. ఆయన ఆరు వందలు చాలన్నారు. నేను లెక్క వేసుకుని ఎనిమిది వందల యాభై తెచ్చాను."

"అదేంటి వదినగారూ, ఫోన్‌లో నిజమే నిజమే అన్నారు కదా" అన్నాడు వాడు.

"అంటాను. పాపం రోజూ ఫోన్ చేస్తారు. ఇంతకీ మీ ఇంట్లో ఏడు వందల యాభై పెట్టుకుని, నాకు ఆరు వందలు ఎందుకు చెప్పారు మరిదిగారూ?"

"మాదాని కంటే పెద్దదెందుకులే అని..." అంటూ నసిగాడు వాడు. మరదలు వాడి వైపు చూసి నవ్వింది.

వాడి ముఖం అచ్చం నా ముఖంలాగే ఉంది. ఇన్నేళ్లలో మొదటిసారి వాడు నాకు సొంత తమ్ముడిలా కనిపించాడు. పక్కకి జరిగి, సోఫాలో నా పక్కన చోటిచ్చాను.